ఎమ్మెల్యే మైకులో చెప్పారు, మరి పట్టా వస్తుందా?

ప్రశ్న: వకీలు సారుకు నమస్తే. మాది జనగామ జిల్లా. 2006లో మా నాన్న మా ఊరి పట్టాదారు దగ్గర 2 ఎకరాల 10 గుంటలు సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం రాత) మీద కొన్నాడు. పైసలు మొత్తం అప్పుడే ఇచ్చేశాడు. అప్పటి నుంచి మోకా (భూమి స్వాధీనం) మీద మేమే ఉన్నాం. నాన్న 2017లో చనిపోయాడు. 2020లో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు నేను దుబాయ్‌లో ఉన్నాను. మా అన్న నవంబరు మొదటి వారంలో మీసేవలో పెట్టాడు, నేను పెట్టలేదు. మొన్న ఊళ్లో సభ జరిగింది. ప్రభుత్వం ఈ మధ్య తీసుకున్న నిర్ణయాలన్నీ ఎమ్మెల్యే గారు చెప్పుకుంటూ వచ్చి, ‘సాదాబైనామాలు అన్నింటికీ పట్టాలిస్తున్నాం, ఒక్కరు కూడా మిగలరు’ అన్నారు. ఆ వీడియో నా ఫోన్లో ఉంది. దాన్ని పట్టుకుని ఆర్డీవో ఆఫీసుకు పోతే పనవుతుందా? కాదంటే ఆ మాట మీద హైకోర్టులో కేసు వేయొచ్చా? ఒకాయన 40 వేలు ఇస్తే 2020 తేదీతో దరఖాస్తు ఎక్కిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక రైతు

జవాబు: ముందు ఆ 40 వేల సంగతి. ఇవ్వకండి. 2020లో వచ్చిన ప్రతి దరఖాస్తుకూ ఒక నంబరు, ఒక తేదీ మీసేవ సర్వర్‌లో ఉన్నాయి. పాత తేదీతో ఇప్పుడు కాగితం పుట్టిస్తే అది దరఖాస్తు అవ్వదు, ఫోర్జరీ అవుతుంది. దాన్ని ఆఫీసులో ఇచ్చినవారి మీద, అంటే మీ మీద కేసు పడుతుంది. ఆయన మాత్రం ఎక్కడా సంతకం పెట్టడు.

ఇక వీడియో. ఫోన్లో తీసిన దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి. అది పెద్ద పనేం కాదు, చేద్దాం. కానీ చేసిన తర్వాత రుజువయ్యేది ఏమిటి? ఎమ్మెల్యే గారు ఆ మాట అన్నారని మాత్రమే. ఆ మాటతో మీకు హక్కు వచ్చిందా లేదా అన్నది వేరే ప్రశ్న, అసలు ప్రశ్న కూడా అదే.

ఎమ్మెల్యే చట్టం చేసే సభలో సభ్యుడు. అధికార పార్టీ వారైనా సరే, ఆయన ప్రభుత్వం కాదు. మంత్రి అయితే ప్రభుత్వంలో భాగమే, అయినా మంత్రి నోటి మాట కూడా ప్రభుత్వ ఉత్తర్వు కాదు. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసే పనులు గవర్నర్ పేరున, నిర్ణీత పద్ధతిలో వెలువడాలి. మనం జీవో అనే కాగితం మీద ‘గవర్నర్ ఉత్తర్వుల మేరకు’ అని ఉండేది అందుకే. బచిత్తర్ సింగ్ కేసు అని 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. అప్పట్లో పంజాబ్ పక్కన ఉన్న పెప్సూ అనే రాష్ట్రంలో ఉద్యోగం పోయిన ఒక రెవెన్యూ ఉద్యోగికి అనుకూలంగా అక్కడి మంత్రి ఫైలు మీద స్వయంగా రాశారు. ఆ రాత ఉత్తర్వు రూపంలో ఆయనకు అందకముందే పెప్సూ పంజాబ్‌లో కలిసిపోయింది, కొత్త ప్రభుత్వం డిస్మిసల్‌నే ఖాయం చేసింది. ఫైలు మీద రాసినంత మాత్రాన ఉత్తర్వు కాదు, పద్ధతి ప్రకారం వెలువడి సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి అని అయిదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. ఫైలు మీద మంత్రి రాతకే ఆ గతి పడితే, షామియానా కింద మాట ఎంతవరకు నిలుస్తుందో మీరే లెక్కేసుకోండి.

‘మరి ఢిల్లీలో ముఖ్యమంత్రి మాట మీద కోర్టు తీర్పిచ్చింది కదా’ అని మీలాంటి వారు అడుగుతుంటారు. ఇచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 29న, పేదలు అద్దె కట్టలేకపోతే ప్రభుత్వం కడుతుందని అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ ప్రెస్‌మీట్లో చెప్పారు. కట్టలేదు. 2021 జూలైలో ఢిల్లీ హైకోర్టు జడ్జి జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మాటకు విలువ ఉందని, ఆరు వారాల్లో దాని మీద నిర్ణయం తీసుకోవాలని ఆదేశించారు. చాలామంది ఇక్కడిదాకే చదివి సంబరపడతారు. రెండు నెలలు దాటాయో లేదో, సెప్టెంబరులో అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

ప్రభుత్వం మాటిచ్చి తప్పితే కోర్టు పట్టుకునే సందర్భాలు అసలు లేవని కాదు. మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొత్త ఫ్యాక్టరీలకు మూడేళ్లు సేల్స్ టాక్స్ ఉండదని చెప్పింది. రాతపూర్వకంగా కూడా హామీ ఇచ్చింది. అది నమ్మి కంపెనీ కాన్పూర్‌లో వనస్పతి ఫ్యాక్టరీ పెట్టాక మాట మార్చింది. కుదరదు, మాట మీద నిలబడాల్సిందే అంది సుప్రీంకోర్టు. అయితే అదే తీర్పులో ఒక గీత కూడా గీసింది: చట్టం ఒకటి చెబుతుంటే, దానికి విరుద్ధమైన హామీని అమలు చేయమని కోర్టు చెప్పదు. మీ కేసు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగిపోతుంది. ఎలాగో చెబుతాను.

భూరికార్డులకు ధరణి పోర్టల్ వచ్చిన రోజుల నుంచి చూద్దాం. 2020 అక్టోబరు 12న సాదాబైనామాల క్రమబద్ధీకరణకు జీవో వచ్చింది, నవంబరు 10 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. ఇంతలో అక్టోబరు 29న కొత్త ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం అమల్లోకి వచ్చి 1971 నాటి పాత చట్టం రద్దయింది. పాత చట్టంలో సాదాబైనామాకు 5-ఏ సెక్షన్ ఉండేది, దాని కిందే కొనుగోలును క్రమబద్ధీకరించినట్టు 13-బి సర్టిఫికెట్లు ఇచ్చేవారు. కొత్త చట్టంలో ఆ ఊసే లేదు. లేని చట్టం కింద దరఖాస్తులు ఎలా తీసుకుంటారని హైకోర్టు అడిగి, అక్టోబరు 29 తర్వాత వచ్చిన వాటిని ఆపేసింది. చూశారా, అప్పుడు మైకు మాట కాదు, చేతిలో జీవో ఉంది. అయినా కింద చట్టం లేక లక్షల దరఖాస్తులు దాదాపు అయిదేళ్లు కదల్లేదు. మీ అన్నది నవంబరు మొదటి వారం అంటున్నారు కాబట్టి ఆయనదీ అందులోనే చిక్కి ఉంటుంది.

తర్వాత ఆ చట్టం స్థానంలో వచ్చిన భూభారతి చట్టం. 2024 డిసెంబరులో శాసనసభ బిల్లు ఆమోదించింది, 2025 జనవరిలో గవర్నర్ సంతకమైంది, చట్టం అమల్లోకి వచ్చింది మాత్రం ఏప్రిల్ 14న, రూల్స్ కూడా ఆ రోజే. డిసెంబరులో అసెంబ్లీ వార్త టీవీలో చూసి తహసీల్దార్ ఆఫీసుకు పోయిన రైతులు నాకు తెలుసు. పాపం, అప్పటికి ఆ ఆఫీసులో దాని గురించి చేయడానికి ఏమీ లేదు. ఆ ఏడాది ఆగస్టులో హైకోర్టు స్టే తొలగింది, సెప్టెంబరులో ఆ పాత దరఖాస్తుల పరిష్కారానికి ప్రభుత్వం జీవో ఇచ్చింది. సభలో మీ ఎమ్మెల్యే గారు ‘నిర్ణయం’ అన్న ఒక్క ముక్క వెనక ఇంత కథ ఉంది. ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. మైకు ముందు షరతులు చదివే అలవాటు ఎవరికీ ఉండదు, అంతే.

ఆ షరతులు చట్టంలోనే, 6వ సెక్షన్లో ఉన్నాయి. కొన్నది 2014 జూన్ 2 లోపు అయి ఉండాలి. మీది 2006, ఇబ్బంది లేదు. పన్నెండేళ్లుగా మోకా మీద ఉండాలి. అదీ ఉంది. సన్న, చిన్నకారు రైతు అయి ఉండాలి. రెండెకరాల పది గుంటల మీద ఎవరికీ అనుమానం రాదు, మీకు వేరేచోట భూమి లేకపోతే. చివరిది: 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు పెట్టి ఉండాలి. మీకు తగిలే ముల్లు ఇదే. ఆర్డీవోకు ఎంత దయ ఉన్నా చట్టంలో రాసిన తేదీని మార్చలేడు. ఎమ్మెల్యే కూడా మార్చలేడు, హైకోర్టు కూడా ‘ఆయన సభలో చెప్పాడు కదా’ అని మార్చదు. మార్చాలంటే శాసనసభ చట్టాన్ని సవరించాలి. కాబట్టి ఆ మాట మీద రిట్ వేయాలన్న ఆలోచన మానుకోండి, ఖర్చు దండగ.

అయితే మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగాను. ‘మా అన్న పెట్టాడు’ అన్నారు. దేనికి పెట్టాడు? సాదాబైనామా నాన్న పేరు మీద ఒక్కటే. నాన్న పోయాక అది మీ ఇద్దరిదీ. మీసేవ రసీదు తీసి చూడండి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. మొత్తం 2 ఎకరాల 10 గుంటలకు పెట్టి ఉంటే, వారసుల్లో ఒకరు అందరి తరఫునా పెట్టినట్టేనని వాదించడానికి గట్టి ఆస్కారం ఉంది. మీ అన్నతో కలిసి ఆర్డీవోకు ఒక అర్జీ ఇవ్వండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్న మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, విచారణలో ఇద్దరి పేర్లూ చేర్చమని అడగండి. అమ్మ, అక్కాచెల్లెళ్లు ఉంటే వాళ్ల పేర్లు దాచకండి, తర్వాత వాళ్లో వాళ్ల పిల్లలో వచ్చి అడిగితే మొదటికే మోసం. అన్న తన వాటా ఒక ఎకరం 5 గుంటలకు మాత్రమే పెట్టి ఉంటే మాత్రం మిగతా సగానికి ఈ దారి మూసుకున్నట్టే.

విచారణలో పట్టాదారుకు నోటీసు పోతుంది, కాబట్టి మోకా రుజువులు సిద్ధం చేసుకోండి. అన్నింటికంటే పాత పహాణీలు (ఏటా భూమి, సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) ముఖ్యం. 2006 తర్వాతి వాటిలో అనుభవదారు కాలమ్‌లో మీ నాన్న పేరు ఎక్కి ఉంటే సగం పని అయిపోయినట్టే. ధరణి వచ్చాక ఆ కాలమే ఎగిరిపోయింది, అందుకే పాతవాటి నకళ్లు తీయించమంటున్నాను. కరెంటు మోటారు బిల్లులు, పంట అమ్మిన తక్‌పట్టీలు, గెట్టు రైతుల వాంగ్మూలాలు కూడా పనికొస్తాయి. అసలు భూమి లావుణి పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) కాదని ముందే చూసుకోండి. లావుణి పట్టా అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు, ఏ సాదాబైనామా పథకమూ దాన్ని కాపాడదు.

అర్జీ ఏమైందో తెలియాలంటే ఆఫీసు చుట్టూ తిరగడం కన్నా సమాచార హక్కు దరఖాస్తు మేలు. మండల స్థాయి ఆఫీసులో ఫీజు 5 రూపాయలు, ఆర్డీవో ఆఫీసులో, సచివాలయంలో 10. మీ అన్న దరఖాస్తు నకలు, దాని మీద నడిచిన ఫైలు నోట్లు అడగండి. రెవెన్యూ శాఖకు ఇంకొకటి పెట్టండి: సాదాబైనామాలకు కొత్తగా దరఖాస్తులు తీసుకోవాలని ఉత్తర్వు ఏదైనా ఇచ్చారా, ఇస్తే నకలు ఇవ్వండి అని. ప్రజలకు సంబంధించిన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వివరాలన్నీ బయటపెట్టాలని ఆ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. 30 రోజుల్లో జవాబు రావాలి. ఎమ్మెల్యే గారి మాట వెనక నిజంగా కొత్త కాగితం ఏదైనా ఉంటే అది మీ ఇంటికే వస్తుంది. సభ వీడియోకు నేను చూసే ఉపయోగం ఇదొక్కటే: ఆ రోజు తేదీ చెప్పి, ఫలానా నిర్ణయం ప్రకటించారు, దాని ఉత్తర్వు ఇవ్వండి అని అడగొచ్చు.

ఈ దారి కుదరకపోతే? పట్టాదారు గానీ ఆయన కొడుకులు గానీ మాట వినేవాళ్లయితే వాళ్ల చేత మీ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే దగ్గరి దారి. పట్టాదారు పోయి ఉంటే ముందు కొడుకుల పేర్లకు విరాసత్ (వారసత్వ మార్పిడి) కావాలి, తర్వాత స్లాట్ బుక్ చేసి తహసీల్దార్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ అవుతాయి. ప్రభుత్వ విలువ మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం. వాళ్లూ కొంత అడుగుతారు. కడుపు మండుతుంది, తెలుసు. రికార్డులో వాళ్ల పేరే ఉంది కాబట్టి ఎకరానికి ఏడాదికి 12 వేల రైతు భరోసా వాళ్ల ఖాతాలోనే పడుతుండవచ్చు, దున్నేది మీరైనా. అయినా ఒకసారి కూర్చుని మాట్లాడండి. సివిల్ కోర్టులో పదేళ్లు తిరిగిన తర్వాత కూడా చివరికి ఇదే రాజీకి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

వాళ్లు వినకపోతే సివిల్ దావా ఉంది. అందులో చిక్కులు చెప్పాలి. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు దాటిన భూమి అమ్మకం రిజిస్టర్ దస్తావేజుతోనే చెల్లుతుంది, తెల్లకాగితంతో హక్కు మారదు. ఆ కాగితాన్ని సాక్ష్యంగా చూడాలన్నా ముందు స్టాంపు డ్యూటీ, దాని మీద పదింతల దాకా పెనాల్టీ కట్టమంటారు. మోకా నుంచి మిమ్మల్ని వెళ్లగొట్టకుండా ఇంజంక్షన్ అడగడం వరకు మీ పరిస్థితి బాగానే ఉంది. హక్కు ప్రకటించమని అడిగే దావా మాత్రం కాగితాలన్నీ చూడకుండా వేయమని నేను చెప్పను. రేపు ఎవరైనా గెట్టు జరిపినా, ట్రాక్టరు దింపినా ఆలస్యం చేయకుండా ఇంజంక్షన్‌కు రండి.

మీసేవ రసీదు ఫోటో, సాదాబైనామా రెండు వైపులా ఫోటోలు పంపండి. వెనకవైపు సాక్షుల సంతకాలు, వేలిముద్రలు ఉంటే అవి స్పష్టంగా కనబడాలి. ఒక్క మాట, కాగితం చిరుగుతోందని ఎవరో చెప్పారని దాన్ని లామినేషన్ చేయించకండి. కోర్టు దాని మీద ముద్ర వేయాల్సి వస్తుంది, వేలిముద్రలు పరీక్షకు పంపాల్సి రావచ్చు, ప్లాస్టిక్ పొర కింద అవేవీ కుదరవు. ఒక ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టకుండా ఉంచితే చాలు.