అల్లాయ్‌లు వేయించాలా, షాకబ్జర్లు మార్చాలా? మీ బండి ప్రశ్నలకి జవాబులు

పండగ దగ్గర పడతా ఉంటే బండి ముస్తాబు ఉత్తరాలు ఎక్కువైపోతాయి. ఈసారి గోదావరి జిల్లాల నుంచే బోలెడు వచ్చాయి, అన్నీ ఇంట్లో వాడుకునే మామూలు ఎస్‌యూవీల గురించే. అందులో అందరికీ పనికొచ్చేవి నాలుగు తీసుకున్నాం.

ప్రశ్న: నమస్తే అండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులున్నాయి. కిందటేడు క్రెటా కొన్నాం, కింద వేరియంట్, స్టీల్ రిమ్ములు, 205/65 ఆర్16 టైర్లు. బండి బానే ఉంది గానీ పక్కనుంచి చూస్తే టైర్లు సన్నంగా కనపడతన్నాయి. షాపులో 18 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, 225/50 టైర్లు వేస్తే లుక్కు మారిపోద్ది, బండి రోడ్డుకి అతుక్కుపోద్ది అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: 18 వద్దండి, 17కి వెళ్ళండి. ఎందుకో లెక్కతో సహా చెప్తాను, ఎందుకంటే షాపులో ఈ లెక్క చెప్పరు.

టైరు మీద 205/65 ఆర్16 అని ఉంటే 205 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అనేది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎంత శాతం ఎత్తు ఉందో, 16 రిమ్ము అంగుళాలు. అంటే మీ బండి సైడ్‌వాల్ ఇప్పుడు 133 మిల్లీమీటర్లు, మొత్తం చక్రం ఎత్తు 673 దాకా వస్తుంది. షాపువాళ్ళు చెప్పిన 225/50 ఆర్18 ఎత్తు 682, అది పెద్ద తేడా కాదు, వాళ్ళు ఆ లెక్క చూసే చెప్పుంటారు. కానీ సైడ్‌వాల్ 112కి పడిపోతుంది, రెండు సెంటీమీటర్లు రబ్బరు పోయి ఇనుము వచ్చినట్టు. హైదరాబాద్ ఔటర్ మీద తిరిగేవాళ్ళకైతే పర్లేదేమో గానీ మీరు రోజూ వెళ్ళేది కాలువ గట్ల మీద, ఎదురుగా మేత లారీయో వరికోత మిషనో వస్తే ఎడమ చక్రాలు తారు దింపి మళ్ళీ ఎక్కించాల్సిందే, ఆ తారు అంచు చాలా చోట్ల జానెడు కాకపోయినా బెత్తెడైనా ఉంటది, ఎక్కేటప్పుడు ఆ అంచుకీ రిమ్ముకీ మధ్యలో సైడ్‌వాల్ నలిగిపోతుంది. పలచటి సైడ్‌వాల్ అయితే లోపల దారాలు తెగి బయటికి బుడిపె లేస్తుంది, దానికి పంక్చర్ వేయడం కుదరదు, టైరు మార్చడమే. రిమ్ము వంకరపోతే అది ఇంకో ఖర్చు.

అదే కంపెనీ మీ బండి పై వేరియంట్‌కి 215/60 ఆర్17 ఇస్తుంది. దాని సైడ్‌వాల్ 129, అంటే ఇప్పుడున్నదానికీ దానికీ నాలుగు మిల్లీమీటర్లే తేడా, చక్రం మాత్రం రెండున్నర శాతం పెద్దదై ఆర్చ్‌లో నిండుగా కనపడుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తే నిజంగా 82 దాకా వెళ్తుంటారు, ఆమాత్రం గుర్తు పెట్టుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సైజు ఆ బండి మీద కంపెనీయే పరీక్ష చేసి ఇచ్చింది కాబట్టి బ్రేకులు, ఏబీఎస్, సస్పెన్షన్ దానికి సరిపోతాయి, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి వెళ్తే ఆ సైజు గురించి వాదించడానికి మీ చేతిలో ఆధారం ఉంటది. పాత టైర్ల మీద రాసిన లోడ్ నంబరు కంటే కొత్తదాని నంబరు తగ్గకూడదు, 95 అని ఉంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుందని అర్థం. అలాగే అల్లాయ్ కొనేటప్పుడు బోల్టు రంధ్రాలు సరిపోయాయి కదా అని ఊరుకోకండి, ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత కూడా కంపెనీదానికి దగ్గరగా ఉండాలి. చక్రం బయటికి పొడుచుకొచ్చేలా రిమ్ము వెనక స్పేసర్లనే బిళ్ళలు వేస్తే బేరింగుల మీద భారం పడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, గట్టు మీద బురదంతా తలుపులకే కొడుతుంది.

ఇక రోడ్డుకి అతుక్కోవడం మాట. అది రిమ్ము సైజులో లేదండి, టైరు రబ్బరులోనూ గాడిలోనూ గాలిలోనూ ఉంది. చెరువు మట్టి లారీలు పోయిన తారు మీద చినుకు పడిందంటే ఎలా ఉంటదో మీకు నేను చెప్పక్కర్లేదు. చట్టం గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా వాడుకోమంటుంది గానీ మన వానలకి 3 దగ్గరే మార్చేయమంటాను. చూడ్డానికి బాగున్నాయని పెద్ద గుబ్బల మడ్ టైర్లు మాత్రం వేయించకండి, బురదలో లాగుతాయి నిజమే, తడిసిన తారు మీద మాత్రం మామూలు టైరు కంటే పట్టు తక్కువ, పైగా హోరు.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరండి. మా ఎస్‌యూవీ ఆరేళ్ళు నిండింది, 70 వేలు తిరిగింది. మలుపుల్లో బాగా ఊగుతోంది, వెనక కూర్చున్న పిల్లలకి రావులపాలెం చేరేలోపే వాంతులు. మా మరిదిగారు స్ప్రింగులు మార్పించి బండిని కిందకి దింపితే ఊగదు అంటున్నారు, మావారేమో వెనక స్ప్రింగుల్లో రబ్బరు దిమ్మలు పెట్టిస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలమ్మా?

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండమ్మా, ముందు బండిని అది కొన్న రోజున ఎలా ఉందో అలా చేయించండి. ఇది నేను చాలామందికి చెప్తున్నాను, ఎందుకంటే 70 వేలు తిరిగిన బండికి సస్పెన్షన్ అరిగిపోయి ఉంటే అది బండి తత్వం అనుకుని దాని మీద ఇంకేవో తగిలించేస్తున్నారు.

మీరే ఇంటి దగ్గర చూడొచ్చు. బానెట్ ఒక మూల గట్టిగా కిందకి నొక్కి వదలండి, పైకి లేచి ఒకసారికి సర్దుకుంటే సరే, రెండు మూడు సార్లు ఊగితే ఆ షాకబ్జర్ అయిపోయినట్టే. చక్రం వెనక టార్చి వేసి చూడండి, షాకబ్జర్ గొట్టం మీద నూనె జిడ్డు కారి దుమ్ము పట్టి ఉందంటే అదీ గుర్తే. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే గుంటలు గుంటలుగా తగిలినా అంతే. గుంతలో పడ్డప్పుడు ముందు నుంచి కటకటా చప్పుడొస్తే లింక్ రాడ్లు, బుష్‌లు చూపించండి, అవి చిన్న సామాన్లే గానీ మలుపులో బండి పక్కకి ఒరగకుండా పట్టుకునే రాడ్డు వాటి మీదే ఆధారపడి ఉంటది. షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చండి, ముందు రెండూ ఒకసారి, వెనక రెండూ ఒకసారి, ఆ తర్వాత వీల్ ఎలైన్‌మెంట్ తప్పకుండా. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, నలుగురూ సామానూ ఉన్నప్పుడు ఎంతో కూడా దాని మీదే రాసి ఉంటుంది, బంకులో కుర్రాడు అందరికీ ఒకటే లెక్కన కొట్టేస్తాడు కాబట్టి మీరే చెప్పి కొట్టించుకోండి.

కిందకి దింపడం కోనసీమకి అసలు కుదరదు. లాకుల దగ్గర వంతెన ఎక్కి దిగేచోట, ఇంటి వాకిలి దిమ్మ దగ్గర, లంకల్లోకి దిగే దారిలో కడుపు తగులుతుంది, స్ప్రింగు పొట్టిదైతే షాకబ్జర్ కదలడానికి చోటు తగ్గి దెబ్బ నేరుగా వెన్నుకి వస్తుంది, పిల్లల వాంతులు తగ్గకపోగా ఎక్కువవుతాయి. రబ్బరు దిమ్మలు పెడితే డిక్కీలో బియ్యం బస్తాలేసినప్పుడు వెనక కుంగదు గానీ ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది, వాన రోజు మలుపులో అది మంచిది కాదు.

పైన క్యారియర్ ఉంటే అవసరం లేనన్నాళ్ళూ తీసేయండి, ఎత్తుగా ఉండే బండికి నెత్తిమీద ఇంకో 50 కిలోలు పెడితే మలుపులో ఒరిగేది ఆ బరువే. పిల్లల్ని వెనక సీట్లో ముందు అద్దం కనపడేలా కూర్చోబెట్టండి, ఫోన్ ఇవ్వకండి. మీవారితో కాస్త చెప్పండి, మలుపులోకి వెళ్ళాక బ్రేకు కొట్టడం కాదు, ముందే తగ్గించుకుని మలుపంతా ఒకే వేగంతో తిప్పితే బండి సగం ఊగదు.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నా. ముందు బుల్ బార్, అద్దాలకి బ్లాక్ ఫిల్మ్, హెడ్‌లైట్లకి ఎల్ఈడీ బల్బులు, లెదర్ సీట్ కవర్లు, ఈ నాలుగూ ఒకేసారి చేయిద్దామని ఉంది. పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: పట్టుకోవడం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ నాలుగూ ఏం చేస్తాయో విను. బుల్ బార్ వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్లోనే రాష్ట్రాలకి రాసింది. బండి ముందు భాగం గుద్దినప్పుడు నలిగి దెబ్బని మింగేలా తయారు చేస్తారు, ఆ నలిగే తీరుని బట్టే ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో లెక్క కడతారు. మధ్యలో ఇనప కడ్డీ పెట్టి నేరుగా ఛాసిస్‌కి బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఎదుటివాడు నడిచెళ్ళే మనిషైతే ఆ కడ్డీ అతని తొడకో కడుపుకో తగులుతుంది.

ఫిల్మ్ విషయంలో 2012లోనే సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కుదరవంది, ముందు వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ఎండ వేడికోసమే అయితే బండి ఎక్కగానే అద్దాలు దింపి రెండు నిమిషాలు నడిపి అప్పుడు ఏసీ వేసుకో, చాలా తేడా ఉంటది.

హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరిపోతుంది. నీకు ముందు తెల్లగా కనపడుతుంది, ఎదురొచ్చే మోటార్‌సైకిల్ వాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి, అతని పక్కనే కాలువ ఉంటుంది, దయచేసి అది చేయొద్దు. డూమ్ మసకబారిపోతే పాలిష్ చేయించు, అవే వాట్ల మంచి బల్బులు వేసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే వైరింగ్ పెట్టించు, వైర్లు కోయకుండా సాకెట్లతో బిగించేది తీసుకో. పుష్యమాసం మంచుకి హై బీమ్ పనికిరాదు, కంపెనీ చోటిచ్చిన దగ్గర పసుపు ఫాగ్ ల్యాంపులు నయం.

సీట్ కవర్లు వేయించుకో, కానీ మీ బండి సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉందేమో చూడు. ఉంటే ఆ పక్క కుట్టు ఊడిపోయేలా చేసిన కవర్లే వేయించాలి, మామూలు కవరు ఎయిర్‌బ్యాగుని బయటికి రానివ్వదు. ఇక జరిమానా అడిగావు కాబట్టి, ఒప్పుకోని మార్పు చేస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయలు, లేదంటే 6 నెలల వరకు జైలు, రెండూ కూడా వేయొచ్చని 2019 సవరణలో ఉంది.

ప్రశ్న: నరసాపురం అండి. తెల్ల బండికి మొత్తం ముదురు నీలం ర్యాప్ చేయిస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఉంటదా?

జవాబు: ఉండదండి. ర్యాప్ అంటే బండి మీద అంటించే రంగు పొర, అది పైన రంగుని కాపాడుతుంది, తుప్పు మొదలయ్యేది కింద, తలుపు అంచుల్లో, చక్రాల గూళ్ళలో. రంగు పూర్తిగా మారిస్తే ఆర్.సి.లో ఉన్న రంగుతో సరిపోదు, ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్.సి.లో రాయించుకోండి. పైకప్పు ఒక్కటే నలుపు చేయించుకుంటే అందంగానే ఉంటది, అదీ అక్కడ అడిగే చేయించండి.

తుప్పుకైతే అండర్‌బాడీ కోటింగ్ మంచి చోట చేయించండి, తలుపుల అడుగున నీళ్ళు కారే రంధ్రాలు మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి. పేరుపాలెం, అంతర్వేది బీచ్‌కి వెళ్ళొస్తే అదే రోజు మంచినీళ్ళతో అడుగుభాగం కడిగించండి. మీకు చెరువులుంటే ఇంకో మాట, నీళ్ళ శాంపిళ్ళ డబ్బాలు డిక్కీలో ఉత్తినే పెట్టేస్తుంటారు, ఆ ఉప్పునీళ్ళు ఒలికితే కార్పెట్ కిందకి దిగి నెలల తరబడి ఆరవు, అక్కడే వైరింగ్ కూడా ఉంటుంది. అంచులున్న రబ్బరు ట్రే ఒకటి వేసుకుని, వారానికోసారి కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చేత్తో తాకి చూడండి.