ఆసుపత్రిలో బీడీ వద్దన్నారని నాన్న మందులే మానేశారు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారు. సీఓపీడీ (ఊపిరితిత్తులు క్రమంగా దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బు) ఉంది. మాజీ సైనికుల పాలీక్లినిక్ ఆవరణలో బీడీ వెలిగిస్తే సిబ్బంది ఆర్పించారట. ‘సరిహద్దులో కాపలా కాసినవాడికి ఒక్క బీడీకి కూడా హక్కు లేదా’ అంటూ రెండు నెలలుగా అక్కడికి వెళ్లడం లేదు. ఇన్‌హేలర్ కూడా అయిపోయింది. ఈ వయసులో బీడీ హఠాత్తుగా మాన్పిస్తే ప్రమాదమని బంధువులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఈ వారమే ఆయన్ను పాలీక్లినిక్‌కు తీసుకెళ్లండి. ఇన్‌హేలర్ ఆగిపోతే ఆయాసం ఏ రాత్రయినా ముదరవచ్చు.

నాన్నగారి కోపం నాకు అర్థమైంది. చలిలో, ఒంటరి డ్యూటీలో అంటుకున్న అలవాటని మాజీ సైనికులు నాతో చాలామంది చెప్పారు. అమెరికా సైన్యమైతే 1975 వరకు రేషన్ పొట్లాల్లోనే సిగరెట్లు పెట్టి ఇచ్చింది. ఆ దేశంలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పొగ తాగడానికి ప్రత్యేకంగా చోటు చూపాలని 1992లో చట్టమే చేశారు. చివరికి 2019 అక్టోబరు నుంచి రోగులు, సందర్శకులు ఆవరణలో ఎక్కడా పొగ తాగకూడదన్నారు. అది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే అక్కడ నికోటిన్ ప్యాచ్‌లు (పొగ తాగాలన్న కోరికను తగ్గించేందుకు చర్మానికి అంటించే పట్టీలు), కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. బీడీ ఆర్పించి ఊరుకుంటే అది వైద్యం కాదు.

మన దేశంలోనూ 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం ఆసుపత్రిలో పొగ తాగడం నిషిద్ధం, 200 రూపాయల వరకు జరిమానా. జనరల్‌కైనా జవానుకైనా ఒకటే. వరుసలో పక్కన కూర్చున్నది ఆయనలాంటి ఆయాసం ఉన్న మరో జవానే కావచ్చు. ఆ పొగకు అతని శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఆక్సిజన్ పెట్టుకున్నవారి దగ్గర నిప్పు మరీ ప్రమాదం. ఈ మాట నాన్నగారికి చెప్పి చూడండి, తోటి సైనికుడి కోసమంటే వింటారు.

ఇక బంధువుల మాట. 71 ఏళ్లకు మానినా మేలే. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు కానీ, మిగిలినది పాడయ్యే వేగం తగ్గుతుంది. మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు (డెరిఫిలిన్ వంటివి) వాడుతుంటే, పొగ మానాక ఆ మందు రక్తంలో పెరుగుతుంది. వాంతులు, గుండెదడ రావచ్చు. అందుకే మానే ముందే డాక్టరుకు చెప్పి మోతాదు సరిచూపించండి.

నికోటిన్ గమ్ ఇస్తే కిళ్లీలా నమిలి మింగకూడదు. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు.

రోజుకు ఎన్ని బీడీలు, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు అన్నది చీటీ మీద రాసుకుని వెళ్లండి. నికోటిన్ మందు మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. ఇంటి నుంచి సలహాకు 1800-11-2356 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. ఈలోగా పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా పాలీక్లినిక్ వేళల కోసం ఆగకుండా దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.