తమ్ముడి ఆసక్తిని ఆపడం పాపమా? – సమాధానం

అక్కా, ప్రార్థన కూటాలకు వెళ్తున్న మీ తమ్ముడు అమ్మ షుగర్ మాత్రలు ఆపించాడని, అడ్డుచెబితే "నీకు విశ్వాసం లేదు" అంటున్నాడని రాశారు. ముందు అమ్మను దేవరకొండలోనే డాక్టరుకు చూపించండి, ఈరోజే. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఆయనే చెప్తారు. తమ్ముడితో మాట తర్వాత.

ఆసక్తి ఉంటే అది సత్యమే అయిపోదు. రోమా పత్రిక 10:2లో అపొస్తలుడైన పౌలు తన సొంత జనమైన యూదుల గురించి ఇదే అంటాడు: దేవుని మీద ఆసక్తి ఉంది, కానీ అది జ్ఞానానుసారమైనది కాదు. ఆ మాట అన్న పౌలే ఒకప్పుడు ఆసక్తితోనే క్రైస్తవ సంఘాన్ని హింసించాడు (ఫిలిప్పీ 3:6). బెరయ అనే ఊరివాళ్లయితే ఆ పౌలు బోధనే ప్రతిరోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు, బైబిలు వాళ్లను మెచ్చుకుంది (అపొ. కార్యములు 17:11). కాబట్టి మీరు ప్రశ్నించడం పాపం కానే కాదు.

మందు విశ్వాసానికి విరోధం అనే మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. సువార్త రాసిన లూకా వైద్యుడు. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. మన జడ్చర్లలో మెనొనైట్ బ్రదరెన్ మిషన్ వాళ్లు సువార్త చెప్తూనే ఆస్పత్రి కూడా పెట్టారు కదా!

తమ్ముణ్ణి నలుగురిలో తిట్టొద్దు, ఇంకా మొండికేస్తాడు. అతని ప్రార్థనను వెక్కిరించొద్దు, అది మంచిదే. ఈ వచనాలు తీసి పక్కన కూర్చుని చదవండి. వినకపోతే మీ పాత పాస్టరుగారిని ఇంటికి పిలవండి. అమ్మ మాత్రల డబ్బా మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి.