ఫైర్‌ఫైటర్ అయ్యాక సెనేటర్ అవుతాడట!

ప్రశ్న: మేం అమెరికాలోని ఒమాహాలో ఉంటున్నాం. మా అబ్బాయిది హైస్కూల్ ఆఖరి ఏడాది. ఇంజినీరింగ్ అంటే మొహం తిప్పేస్తున్నాడు. ముందు ఫైర్‌ఫైటర్, తర్వాత మా నెబ్రాస్కా రాష్ట్ర చట్టసభలో సెనేటర్ అవుతాడట. అడిగితే మైక్ మెక్‌డానెల్ పేరు చెప్తాడు. నాకు ఒకటే టెన్షన్. ఇది అయ్యే పనేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవాడు గాల్లో మేడలు కట్టడం లేదు. మెక్‌డానెల్ ఒమాహా అగ్నిమాపక శాఖలో ఫైర్‌ఫైటర్‌గా పనిచేసి చీఫ్ దాకా ఎదిగారు. 2016లో దక్షిణ ఒమాహా నుంచి గెలిచి, 2017 మొదలు 2025 దాకా సెనేటర్‌గా ఉన్నారు. ఆ తర్వాతి సంగతి కూడా చెప్పాలి. 2025లో మేయర్ పదవికి పోటీ చేసి ప్రైమరీలోనే, అంటే తొలి విడత ఎన్నికలోనే ఓడిపోయారు.

అసలు చిక్కు జీతం దగ్గర ఉంది. నెబ్రాస్కాలో ఉన్నది ఒకటే సభ, 49 మంది సభ్యులు. ఒక్కొక్కరికి ఏడాదికి ఇచ్చేది 12,000 డాలర్లు. అంటే నెలకు వెయ్యి! 1988లో ఖరారైన అంకె ఇది. సభ ఒక ఏడాది 90 రోజులు, మరుసటి ఏడాది 60 రోజులు జరుగుతుంది. వరుసగా రెండు టర్మ్‌లు, అంటే ఎనిమిదేళ్లు కాగానే దిగిపోవాలి. కాబట్టి సెనేటర్ పదవిని కెరీర్ అనుకోవద్దని మీవాడికి చెప్పండి. ఇల్లు గడిచేది ఫైర్ ఉద్యోగంతోనే, తర్వాత దాని పెన్షన్‌తో. పోటీకి కనీస వయసు 21 ఏళ్లే అయినా, నన్నడిగితే ముందు పదిహేనేళ్లు స్టేషన్‌లో పనిచేయనివ్వండి.

ఎందుకంటే ఫైర్‌ఫైటర్లను రాజకీయాల వైపు నెట్టేది సాధారణంగా వాళ్ల పనే. బండి మీద ఎంతమంది ఉండాలి, పెన్షన్ ఎంత, గాయపడితే ఖర్చు ఎవరిది అన్నవన్నీ చివరికి తేలేది సిటీ కౌన్సిల్‌లోనో చట్టసభలోనో. కేన్సర్ సంగతే చూడండి. ఫైర్‌ఫైటర్ వృత్తి కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2022లో తేల్చింది. ఫలానా మంట వల్లే జబ్బు వచ్చిందని ఒక ఉద్యోగి ఎలా రుజువు చేయగలడు? అందుకే చాలా రాష్ట్రాలు కొన్ని రకాల కేన్సర్లు వస్తే ఉద్యోగం వల్లే వచ్చినట్టు భావించాలని చట్టాలు చేశాయి. వాటి కోసం పోరాడింది యూనియన్లు. సభ్యుల సమస్య వినడం, అంకెలు చదవడం, బేరమాడటం, నలుగురిలో మాట్లాడటం, అన్నీ అక్కడే వంటబడతాయి. మెక్‌డానెల్ కూడా కార్మిక సంఘాల్లోంచి వచ్చినవారే.

తల్లిగా మీరు భయపడాల్సింది ఎన్నికల గురించి కాదు, ఈ కేన్సర్ గురించే. మంట ఆర్పి వచ్చాక దుస్తులు శుభ్రం చేసుకోవడంలో నిర్లక్ష్యం ఉండకూడదని ఇప్పటినుంచే చెప్పండి.

ఉద్యోగంలో చేరడం కూడా అంత సులువు కాదు. చాలా శాఖలు సీపీఏటీ అనే శారీరక సామర్థ్య పరీక్ష పెడతాయి. 50 పౌండ్ల జాకెట్ వేసుకుని ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మెట్లెక్కేటప్పుడు ఇంకో 25 పౌండ్లు మోయాలి. హైస్కూల్ అయ్యాక ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సాయం నేర్పే కోర్సు చేయించండి. స్టేషన్‌కు వచ్చే కాల్స్‌లో మంటల కన్నా వైద్య సాయం కోసం వచ్చేవే ఎక్కువ కాబట్టి అది ఎలాగూ పనికొస్తుంది. రక్తం చూసి తట్టుకోగలడో లేదో కూడా తెలుస్తుంది. డిగ్రీ మాత్రం మాననివ్వకండి. ఉద్యోగం చేస్తూ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదవొచ్చు. రేపు ప్రమోషన్లకూ కావాలి, బడ్జెట్ అర్థం కావడానికీ కావాలి. ఉద్యోగంలో ఉండగా పోటీ చేసే ఆలోచన వస్తే, సిటీ నిబంధనలు ముందే కనుక్కోవాలి.

జనవరిలో సభ మొదలవుతుంది. నెబ్రాస్కాలో ప్రతి బిల్లు మీదా బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఒమాహా నుంచి రాజధాని లింకన్ గంట దూరమే కదా, ఒకరోజు వాడిని తీసుకెళ్లండి. పెన్షన్ బిల్లు మీద మూడు గంటలు కూర్చున్నాక కూడా ఉత్సాహం తగ్గకపోతే, మీరు ఇంజినీరింగ్ ఊసు ఎత్తకపోవడమే మంచిది.