స్టైపెండ్ ఆగిపోయాక ఎన్ని నెలలు నెట్టుకురాగలరు?

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా ఆడియాలజిస్టుగా (వినికిడి నిపుణురాలిగా), స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం) అమర్చిన పిల్లలకు మాటలు ఎలా వస్తాయన్న అంశంపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకచోట ఫీజు లేదు, నాలుగేళ్లపాటు నా జీతంలో 45 శాతం మేర స్టైపెండ్ ఇస్తారు. రెండోచోట ప్రయోగశాలకు మంచి పేరుంది కానీ స్టైపెండ్ లేదు, పైగా ఫీజు కట్టాలి. మావారి సంపాదన నా జీతంలో 90 శాతం ఉంటుంది. చదువుకోసం చేసిన అప్పు వాయిదాతో కలిపి ఇంటి ఖర్చు నా జీతానికి ఒకటిన్నర రెట్లు. 12 శాతం వడ్డీ ఉన్న ఆ అప్పు తీరడానికి ఇంకా మూడేళ్లు పడుతుంది. పది నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ఒక పాప. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: మానేయవచ్చు, అయితే మొదటి సీటు తీసుకుంటేనే. పరిశోధన కోసం చేసే పీహెచ్‌డీకి సొంత డబ్బుతో ఫీజు కట్టవద్దని నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. అమెరికాలో ఆడియాలజిస్టులు చదివే ఏయూడీ వంటి వృత్తి డాక్టరేట్ల సంగతి వేరు. అక్కడ కట్టిన ఫీజు తర్వాత క్లినిక్ సంపాదనగా తిరిగి వస్తుంది. పీహెచ్‌డీతో తయారయ్యేది కొత్త జ్ఞానం కాబట్టి దాని ఖర్చు సంస్థ భరించడమే న్యాయం. చెవిలోని కాక్లియా పనితీరును వివరించి 1961లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ వాన్ బెకెసీ ఆ పరిశోధన మొదలుపెట్టింది హంగరీ తపాలాశాఖ వారి టెలిఫోన్ ప్రయోగశాలలో, జీతం తీసుకుంటూనే.

ఇక లెక్కల్లోకి వద్దాం. మీ నెల జీతాన్ని 100 అనుకుంటే, ఇంటి ఖర్చు 150, పొదుపు 1500. మీరు రాసిన వివరాలలో వాయిదా ఎంతో విడిగా లేదు కనుక దాన్ని 25గా తీసుకుంటున్నాను. ఆ వడ్డీకి, మిగిలిన 36 నెలలకు లెక్కిస్తే, ఇంకా తీర్చాల్సిన అసలు సుమారు 750 ఉండాలి. చదువులో చేరాక స్టైపెండ్ 45, మీవారి సంపాదన 90 కలిపి 135 వస్తుంది, అంటే నెలకు 15 లోటు. ఈ లోటును మూడేళ్లు పొదుపుతో పూడుస్తూ, అప్పు తీరాక నెలకు 10 చొప్పున మిగుల్చుకుంటే, నాలుగేళ్ల చివర మీ దగ్గర 1080 ఉంటుంది. అలా కాకుండా ఉద్యోగం మానే ముందే పొదుపులోంచి 750 తీసి అప్పు మొత్తం కట్టేస్తే, ఇంటి ఖర్చు 125కి దిగుతుంది, చేతిలో మిగిలిన 750 సరిగ్గా ఆరు నెలల ఖర్చుకు అత్యవసర నిధి అవుతుంది, మొదటి నెల నుంచే 10 మిగులు ఉంటుంది, నాలుగేళ్ల చివర 1230 చేతిలో ఉంటుంది. పొదుపు మీద వచ్చే వడ్డీ, ధరల పెరుగుదల ఈ లెక్కలో లేవు. మీ పొదుపు 12 శాతానికి తక్కువ వడ్డీ తెస్తున్నంతకాలం నిర్ణయం మాత్రం మారదు. అప్పు ముందే తీర్చేయండి.

నన్ను నిజంగా ఆలోచింపజేసేది అయిదో సంవత్సరం. మీ రంగంలో పరిశోధన నాలుగేళ్ల గడువుకు తేలిగ్గా లొంగదు. ఇంప్లాంట్ అమర్చిన పిల్లలు చాలా కేంద్రాల్లో వందల సంఖ్యలో దొరకరు. దొరికినవారిలోనూ ఆపరేషన్ నాటి వయసు, ఇంట్లో మాట్లాడే భాష, ఇతర లోపాలు చూసుకుంటే మీ అధ్యయనానికి పనికొచ్చేవారు ఇంకా తగ్గుతారు. పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టవచ్చు. అనుమతి వచ్చాక కూడా, భాష ఎలా ఎదుగుతోందో చూడాలంటే అదే పిల్లవాణ్ని ఆరు నెలలకోసారి పిలిచి పరీక్షించాలి, మధ్యలో కొందరు తల్లిదండ్రులు రావడం మానేస్తారు. గంటసేపు రికార్డు చేసిన మాటలను అక్షరబద్ధం చేసి, ఉచ్చారణ దోషాలు గుర్తించడానికి ఎన్ని గంటలు పడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇందులో ఏదీ మీ బద్ధకం వల్ల జరిగే ఆలస్యం కాదు, కానీ స్టైపెండ్ మాత్రం చెప్పిన తేదీకే ఆగుతుంది.

స్టైపెండ్ ఆగాక మీ ఇంటి లోటు నెలకు 35. అత్యవసర నిధి 750ని ముట్టుకోకుండా, మిగిలిన 480తో 13 నెలలు గడుస్తాయి. అప్పు ముందే తీర్చకపోతే గడిచేవి 9 నెలలే. అందుకే చేరే ముందు గైడ్‌ను స్టైపెండ్ ఎంత అని కాక, ఆయన దగ్గర చివరిగా పూర్తిచేసిన విద్యార్థులకు ఎన్నేళ్లు పట్టింది, గడువు దాటినవారు ఎలా నెట్టుకొచ్చారు అని అడగండి. ఆ విద్యార్థులతో విడిగా మాట్లాడితే ఇంకా మంచిది. పిల్లల కుటుంబాలకు ఇచ్చే ప్రయాణ ఖర్చు, పరీక్షా పరికరాల కొలతలు సరిచూసే కాలిబ్రేషన్ ఖర్చు ఎవరి ఖాతాలోంచి వెళతాయో కూడా తేల్చుకోండి. ప్రయోగశాలలో ఇప్పటికే పిల్లల బృందంతో అధ్యయనం నడుస్తూ ఉంటే, మీ సిద్ధాంత గ్రంథాన్ని దానికి జతచేయగలగడం డబ్బు కోణంలో స్టైపెండ్ పెరగడంకన్నా విలువైనది.

మీ అసలు బీమా మీ చేతిలోని వృత్తే. క్లినిక్‌లో పనిచేయడానికి ఉన్న రిజిస్ట్రేషన్‌ను చదువు సాగినంతకాలం రెన్యూవల్ చేయిస్తూ ఉండండి, అందుకు కావలసిన శిక్షణ గంటలు ఏటా పూర్తిచేయండి. స్టైపెండ్ ఇచ్చేవారు బయటి పనిని నిషేధించవచ్చు, గంటలకు పరిమితి పెట్టవచ్చు, కాబట్టి నిబంధనలు చదవకుండా ప్రాక్టీసు మొదలుపెట్టకండి. గడువు ముగిశాక మాత్రం వారానికి ఒక రోజు క్లినిక్‌లో కూర్చుని నెలకు 15 సంపాదించినా, లోటు 20కి తగ్గి అదే 480 రెండేళ్లు వస్తుంది. రెండు రోజులు కూర్చోవద్దంటాను. సిద్ధాంత గ్రంథం సగంలో ఆగిపోయేది అక్కడే.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. స్టైపెండ్ పోను నాలుగేళ్లలో మీరు వదులుకునే జీతం 48 నెలలకు నెలకు 55 చొప్పున 2640. డాక్టరేట్ తర్వాత అధ్యాపక ఉద్యోగంలో 130 జీతం వచ్చినా, ఆ తేడాతో ఈ మొత్తం పూడటానికి 88 నెలలు, అంటే ఏడేళ్లకు పైనే పడుతుంది. అటువంటి ఉద్యోగం వెంటనే దొరుకుతుందన్న హామీ కూడా లేదు. కనుక దీన్ని పెట్టుబడి అనుకోకండి, స్తోమతకు లోబడి తీర్చుకునే కోరిక అనుకోండి. మీ స్తోమతకు ఇది లోబడే ఉంది. ఈ నాలుగేళ్లూ నెలకు మిగిలే 10ని పదవీ విరమణ ఖాతాలోకి మళ్లించవద్దు, ఎందుకంటే నేను లెక్క చూపిన 13 నెలలు ఆ మిగులుతోనే ఏర్పడుతున్నాయి.

ఉద్యోగంతోపాటు ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి, కుటుంబానికి సొంత పాలసీ, మీ ఇద్దరికీ టర్మ్ పాలసీలు జీతం వస్తున్నప్పుడే తీసుకోండి. రాజీనామా ఇచ్చేముందు యాజమాన్యాన్ని జీతం లేని దీర్ఘకాలిక సెలవు అడగండి. ఒక్క ఏడాదికి ఒప్పుకున్నా చాలు. ఎథిక్స్ అనుమతి, పిల్లల లభ్యత ఏ మేరకు కుదురుతున్నాయో ఆ ఏడాదిలోనే తెలిసిపోతుంది.