బొమ్మలు వేసే అమ్మాయి, లండన్ ఎంఏ, ఎకరం పొలం

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ పూర్తిచేసింది. ఏడాదిగా బొమ్మలు వేసుకుంటూ, శనివారాలు ఒక ప్రత్యేక పాఠశాలలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతోంది. ఇప్పుడు లండన్ వెళ్లి ఆర్ట్ సైకోథెరపీలో ఎంఏ చేస్తానంటోంది. సైకాలజీ చదవకపోయినా సీటు వస్తుందని, సెప్టెంబరులోనే చేరవచ్చని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. బొమ్మలతో వైద్యమేమిటని మా బావమరిది నవ్వుతున్నాడు. ఇది నిజంగా ఉద్యోగమేనా? తిరిగి వస్తే ఇక్కడ పనికొస్తుందా? ఎకరం పొలం అమ్మితే తప్ప డబ్బు సమకూరదు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సమాధానం తేలిక. అవును, ఉద్యోగమే. బ్రిటన్‌లో అది చట్టబద్ధమైన వృత్తి కూడా. ఆర్ట్ థెరపిస్ట్, ఆర్ట్ సైకోథెరపిస్ట్ అనే రెండు పేర్లలో ఏది వాడుకోవాలన్నా హెచ్‌సీపీసీ అనే నియంత్రణ మండలిలో నమోదై ఉండాలి. నమోదు కాకుండా వాడుకుంటే నేరం. ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్‌లు నమోదయ్యేదీ అక్కడే. ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్తగా చేరేవారికి సాధారణంగా బ్యాండ్ 6 జీతం ఇస్తారు. 2025-26లో ఇంగ్లండ్‌లో అది ఏడాదికి 38 వేల పౌండ్ల పైచిలుకు నుంచి మొదలైంది.

మీ బావమరిదికి చెప్పడానికి కాస్త చరిత్ర కూడా ఉంది. క్షయతో శానిటోరియంలో చేరిన ఏడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు మంచం మీదే బొమ్మలు వేస్తూ, తోటి రోగుల చేత కూడా వేయించాడు. ఆ పనికి 1942లో ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టింది ఆయనే. 1946 నుంచి ఎడ్వర్డ్ ఆడమ్‌సన్ అనే మరో చిత్రకారుడు నెదర్న్ మానసిక వైద్యశాలలో రోగుల కోసం స్టూడియో నడిపాడు. 1964లో వృత్తి సంఘం ఏర్పడింది. అయితే మీ బావమరిది నవ్వును పూర్తిగా కొట్టిపారేయను. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న 417 మందితో బ్రిటన్‌లో జరిపిన మాటిస్ అనే పరిశోధన ఫలితాలు 2012లో వచ్చాయి. బృందంగా ఇచ్చిన ఆర్ట్ థెరపీ వల్ల మామూలు వైద్యం కన్నా అదనపు మేలు ఆ లెక్కల్లో కనిపించలేదు. చాలామంది సెషన్లకు సరిగా రాలేదన్నది కూడా అందులో తేలింది. అయినా అక్కడి వైద్య మార్గదర్శకాలు ఆ రోగులకు కళల చికిత్సను ఇవ్వదగిన వాటి జాబితాలోనే ఉంచాయి. వృత్తి ఉంది, దాని ఫలితాల మీద వాదన కూడా ఉంది. మీ అమ్మాయి ఈ రెండూ తెలుసుకుని వెళ్లాలి. ప్రవేశ ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే మాటిస్ పేరు చెప్పగలిగిన అభ్యర్థిని వారు తేలిగ్గా తీసుకోరు.

ఇంతకీ ఆ పని ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా? మీ ఉత్తరం చదివితే తెలియదనే అనిపించింది. ఒక గదిని ఊహించుకోండి. బల్ల, చేతులు కడుక్కోవడానికి సింకు, రంగులు, బంకమట్టి. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఇల్లు గీశాడు. తర్వాత దాని మీద నల్లరంగు పూశాడు. మళ్లీ పూశాడు. కాగితం నానిపోయి మధ్యలో చిరిగింది. డ్రాయింగ్ టీచరైతే "పోనీలే నాన్నా" అంటూ కొత్త కాగితం చేతికిస్తుంది. థెరపిస్టు ఇవ్వదు. వాడు ఆ చిరుగుతో ఏం చేస్తాడో చూస్తుంది. ముద్దచేసి పారేస్తాడా, ఎవరికీ చూపించవద్దంటాడా, తిడుతుందేమోనని ఆమె ముఖంలోకి చూస్తాడా? నలుపంటే దిగులు, ఎరుపంటే కోపం అని పట్టిక చూసి చెప్పే పద్ధతి ఈ వృత్తిలో లేదు. అలా చెప్పేవారు ఎదురైతే దూరంగా ఉండటం మేలు. సెషన్ అయ్యాక ఆ తడి కాగితాన్ని ఆరబెట్టి, వాడి పేరున్న ఫోల్డరులో పెట్టి భద్రపరుస్తారు. గోడకు తగిలించరు, తల్లికి ఫోనులో ఫొటో పంపరు. మరుసటి వారం అదే రోజు, అదే వేళకు, అదే గదిలో మళ్లీ కలుస్తారు. నెలల తరబడి ఇంతే.

మీ అమ్మాయి శనివారాల్లో చేస్తున్నది మంచి పని, కానీ అది ఈ పని కాదు. అక్కడ పిల్లలు బాగా గీస్తే ఆమెకు సంతోషం. థెరపీలో బాగా గీయడం అనే మాటే ఉండదు. ఆ తేడా ఆమెకు నచ్చుతుందో లేదో లండన్ విమానం ఎక్కకముందే తేలాలి.

ఇక శిక్షణ సంగతి. ఫుల్‌టైమ్ అయితే రెండేళ్లు. గోల్డ్‌స్మిత్స్, రోహాంప్టన్, హెర్ట్‌ఫర్డ్‌షైర్, డెర్బీ, ఎడిన్‌బరోలోని క్వీన్ మార్గరెట్ ఈ చదువుకు పేరున్న విశ్వవిద్యాలయాలు. ఏ ఏడాది ఏ కోర్సుకు అనుమతి ఉందో హెచ్‌సీపీసీ తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. తరగతిలో సిద్ధాంతం చెప్పడం ఇందులో ఒక భాగం మాత్రమే. వారంలో కొన్ని రోజులు ఆసుపత్రిలోనో, పాఠశాలలోనో, జైలులోనో క్లినికల్ ప్లేస్‌మెంట్, అంటే నిజమైన క్లయింట్లతో పనిచేసే శిక్షణ ఉంటుంది, దానికి జీతం ఉండదు. అక్కడ చేసిన ప్రతి సెషన్‌నూ సూపర్‌వైజర్ ముందు విప్పి చెప్పుకోవాలి. విద్యార్థులంతా గుంపుగా కూర్చుని తామే బొమ్మలు వేసి, తమ మధ్య నడిచే కోపతాపాల గురించి మాట్లాడుకునే తరగతులు ఉంటాయి. వీటన్నిటికీ తోడు, కోర్సు సాగినంత కాలం విద్యార్థి తానే ఒక థెరపిస్టు దగ్గరకు క్లయింటుగా వెళ్లాలి. తన భయాలు, తన ఇల్లు, తన నాన్న, అన్నీ అక్కడ మాటల్లోకి వస్తాయి. ఖర్చు విద్యార్థిదే. సెషన్‌కు 50 పౌండ్లు, ఏడాదికి 40 వారాలు అనుకున్నా 2 వేల పౌండ్లు. కన్సల్టెన్సీ వారు మీకిచ్చిన అంచనాలో ఈ పద్దు ఉందో లేదో చూడండి. నేను చూసిన అంచనాల్లో ఎప్పుడూ లేదు.

సైకాలజీ చదవకపోయినా పర్వాలేదని వారు చెప్పింది నిజమే. ఈ కోర్సులు మొదటి నుంచీ చిత్రకళ చదివినవారినే ఎక్కువగా తీసుకుంటున్నాయి. వారు చెప్పని సంగతి ఒకటుంది. చేరేముందు మానసికంగానో శారీరకంగానో ఆసరా అవసరమైన మనుషులతో ఏడాదిపాటు పూర్తికాలం పనిచేసిన అనుభవం ఉండాలని అడుగుతారు. గంటల్లో చెబితే సుమారు 1,500. శనివారానికి నాలుగు గంటల చొప్పున మీ అమ్మాయికి ఇప్పటికి పోగైంది 200. సీటు ఇప్పించామని చెప్పుకోవడానికి కన్సల్టెన్సీకి ఇదేమీ అడ్డు కాకపోవచ్చు. కానీ అనుభవం చాలకుండా ప్లేస్‌మెంట్‌లో అడుగుపెట్టిన విద్యార్థి మొదటి చలికాలంలోనే నలిగిపోతుంది.

అందుకే నా సలహా: ఈ సెప్టెంబరు వద్దు. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో వెళ్లవచ్చు. వెళ్లకూడదని మాత్రం అనడం లేదు.

డబ్బు దగ్గరకు వద్దాం. విదేశీ విద్యార్థుల ఫీజు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ఏడాదికి 17 వేల పౌండ్లే అనుకుని, పౌండుకు 115 రూపాయలు వేసుకున్నా రెండేళ్లకు 39 లక్షలు. వీసా కోసం లండన్‌లో నెలకు 1,529 పౌండ్ల చొప్పున 9 నెలల జీవన వ్యయం బ్యాంకులో చూపాలి. అంటే 15 లక్షల 80 వేలు, అదీ మొదటి ఏడాదికే. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. అద్దె, తిండి, థెరపీ కలుపుకుంటే లండన్‌లో రెండేళ్ల ఖర్చు 75 లక్షలు దాటుతుంది. ఎడిన్‌బరో, డెర్బీ అయితే కొంత తగ్గుతుంది. లండన్ పేరు మీద మోజు పెంచుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి, నమోదు ఎక్కడ చదివినా ఒకటే. పార్ట్‌టైమ్ పనితో నెట్టుకొస్తానంటే కూడా నమ్మకండి. వారానికి 20 గంటలు చేసుకోనిస్తారు గానీ, ప్లేస్‌మెంట్, తరగతులు, సొంత థెరపీ పోగా మిగిలే రోజులెన్ని?

స్కాలర్‌షిప్పుల్లో అందరూ మొదట చెప్పే చీవెనింగ్ ఒక్క ఏడాది మాస్టర్స్‌కే ఇస్తారు, కనుక ఈ రెండేళ్ల చదువుకు అక్కరకు రాదు. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కింద అర్హులకు 20 లక్షల వరకు వస్తుంది. మీకు అర్హత ఉంటే, ఈ కోర్సు వారి జాబితాలోని ఏ విభాగం కిందకు వస్తుందో జిల్లా సంక్షేమ కార్యాలయంలో ముందే తేల్చుకోండి. ప్రవేశం వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది.

చదువు పూర్తయ్యాక అక్కడే ఉండే సంగతి ఇప్పుడు బిగుసుకుంటోంది. గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు ఇచ్చేవారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఇకపై చేరేవారంతా ఈ లెక్కలోకే వస్తారు. ఆ గడువులో వీసా స్పాన్సర్ చేసే యజమాని దొరకాలి. ఈ వృత్తిలో చాలా పోస్టులు వారానికి రెండు మూడు రోజులవి. సగం రోజుల జీతంతో వీసాకు కావలసిన జీతం పరిమితి అందుకోవడం కష్టం. అప్పు తీర్చే మార్గాన్ని అక్కడి జీతం మీదే పెట్టుకునే ఇల్లైతే పొలం అమ్మవద్దనే చెబుతాను.

తిరిగి వస్తే? మన దేశంలో ఆర్ట్ థెరపిస్టులకు హెచ్‌సీపీసీ లాంటి నమోదు ఇంకా నడవడం లేదు. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే పునరావాస మండలి పరిధిలో ఈ వృత్తి లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో మాత్రం ఆర్ట్, డాన్స్ థెరపిస్టుల ప్రస్తావన ఉంది. దాని కింద కోర్సులు, నమోదు స్థిరపడితే మీ అమ్మాయి తరం లాభపడవచ్చు. అప్పటిదాకా బతుకుతెరువు ప్రత్యేక పాఠశాలలు, ప్రైవేటు క్లినిక్‌లు, స్వచ్ఛంద సంస్థల దగ్గరే, అదీ ఎక్కువగా విడివిడి సెషన్లకు విడివిడి చెల్లింపు. నెల జీతం వచ్చే ఆర్ట్ థెరపిస్టు పోస్టుకు ప్రభుత్వ నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూడవద్దు. బ్రిటన్ పట్టా చూపి ఇక్కడ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవడమూ కుదరదు.

మీ అమ్మాయి చివరికి మన దగ్గరే పనిచేయాలనుకుంటే నేను వేరే దారి చూపుతాను. ముందు ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఏ డిగ్రీ చదివినవారినైనా చాలా విశ్వవిద్యాలయాలు తీసుకుంటాయి, ఫీజు మీ పొలం జోలికి రాదు, ఆసుపత్రుల్లో, సంస్థల్లో ఉద్యోగాలు ఉన్నాయి. దాని మీద పుణెలోని వరల్డ్ సెంటర్ ఫర్ క్రియేటివ్ లెర్నింగ్ ఫౌండేషన్ ఇచ్చే ఆర్ట్స్ బేస్డ్ థెరపీ లాంటి శిక్షణ చేర్చుకోవచ్చు. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేద్దామనుకుంటే ఆగండి. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ 2025లో ఆదేశించింది. ఆరు వారాల్లో సర్టిఫైడ్ ఆర్ట్ థెరపిస్ట్ అంటూ ఫోనులో వచ్చే ప్రకటనల గురించి రాసి చోటు వృథా చేయను. 

ఈ ఏడాది ఆమె చేయవలసింది స్పష్టంగానే ఉంది. ఆ పాఠశాలలో శనివారాన్ని వారానికి నాలుగు రోజులు చేయమనండి, జీతం తక్కువైనా సరే. డ్రాయింగ్ పీరియడ్‌తో ఆగకుండా పిల్లల భోజనాల దగ్గర, బస్సు ఎక్కే దగ్గర, వారు ఏడ్చే దగ్గర ఉండాలి. ఎన్ని గంటలు, ఎలాంటి పిల్లలతో, ఎవరి పర్యవేక్షణలో అన్నది ప్రిన్సిపాల్ సంతకంతో నెలనెలా రాయించుకోవాలి. వీలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్లి మేధో వైకల్యం ఉన్న పిల్లలతో నిపుణులు ఎలా పనిచేస్తారో చూడాలి. తన బొమ్మలు ఆపకూడదు. పోర్ట్‌ఫోలియోలో నున్నగా పూర్తయిన ల్యాండ్‌స్కేపుల కన్నా, తనకోసం వేసుకుని సగంలో వదిలేసినవి, వాటిని ఎందుకు వదిలేసిందో చెప్పగలిగినవి ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడతాయి. బ్రిటన్ వృత్తి సంఘం ఆన్‌లైన్‌లో నడిపే ప్రాథమిక కోర్సు ఒకటి చేస్తే చేతికి పని తెలుస్తుంది. ఇంకొకటి, హైదరాబాద్‌లో మంచి కౌన్సెలర్ దగ్గర తాను కొన్ని నెలలు కూర్చుని చూడాలి. అవతలి కుర్చీలో కూర్చోలేని మనిషికి రెండేళ్ల ఈ శిక్షణ నరకం.

ఏడాది తర్వాత కూడా అదే పట్టుతో ఉంటే, మీ బావమరిదిని పక్కన పెట్టి మీరిద్దరే కూర్చుని లెక్క వేసుకోండి. అప్పుడు ఇల్లో స్థలమో ఉంటే తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకోవడం అమ్మకం కన్నా మెరుగు, విద్యారుణానికి చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తనఖాగా తీసుకోవు. తనఖా లేకుండా బ్యాంకులు సాధారణంగా ఇచ్చే ఏడున్నర లక్షలు దీనికి ఏ మూలకూ చాలవు.

ఈలోగా కన్సల్టెన్సీ వారు సీటు డిపాజిట్ కట్టమంటే ఒక్క పని అడగండి. ఆ కోర్సు పేరును హెచ్‌సీపీసీ అనుమతి జాబితాలో మీ కళ్ల ముందే తెరిచి చూపించమనండి. కళలు-ఆరోగ్యం, సృజన-స్వస్థత అంటూ దగ్గరి పేర్లతో ఉన్న ఎంఏలు చాలానే ఉన్నాయి. వాటితో నమోదు రాదు. చూపించలేకపోతే మీ అమ్మాయి సర్టిఫికెట్ల ఒరిజినల్స్ వెనక్కి తీసుకుని వచ్చేయండి.