ఆర్మీ నుంచి రిటైరయ్యాక విజయనగరంలోనే ఉండి రక్షణ విశ్లేషకుడిగా రాయడం సాధ్యమేనా?

మీ మావయ్యగారు లెఫ్టినెంట్ కల్నల్‌గా 54 ఏళ్లకు రిటైరై విజయనగరం వచ్చేశారని, పత్రికలకు రక్షణ వ్యవహారాల మీద రాయాలనుకుంటున్నారని, అందుకు ఢిల్లీలో ఉండక తప్పదా అని అడిగారు. అక్కర్లేదు. నేనూ అదే హోదాలో రిటైరై, ఇక్కడే కంటోన్మెంట్ దగ్గర ఉంటూ కొన్నేళ్లుగా తెలుగు పత్రికలకు రాస్తున్నాను. ఇక్కడ ఉండి రాయడమే మేలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు చదువు సంగతి. సర్వీసులో మనకు తెలిసింది మన యూనిట్, మన సెక్టార్, మన కాలం. పాఠకుడు అడిగేదేమో దేశం మొత్తం గురించి, ఈ రోజు గురించి. ఆ తేడా చదివితేనే తీరుతుంది. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికలు, కాగ్ నివేదికలు, బడ్జెట్ పత్రాలు, సభలో ప్రశ్నలకు మంత్రులిచ్చే జవాబులు, అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత రక్షణ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వచ్చిన కార్గిల్ సమీక్ష సంఘం నివేదికను మీ మావయ్యగారు తప్పకుండా చదవాలి. ఆ సంఘంలో ఒక రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్, ఒక సీనియర్ పాత్రికేయుడు కూడా సభ్యులు. మన పనికి అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఉదాహరణకు, 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్ల రూపాయలు ఇచ్చారని అన్ని పేపర్లూ రాశాయి. అందులో పెన్షన్లకే సుమారు 1.60 లక్షల కోట్లు పోతాయని, విమానాలు, నౌకలు, ఆయుధాల కొనుగోళ్లు వచ్చే మూలధన వ్యయానికి 1.80 లక్షల కోట్లు ఉంచారని విడదీసి చెప్పినప్పుడే చదివేవాళ్లకు అసలు బొమ్మ కనిపిస్తుంది. విశ్లేషణ అంటే ఇదే.

ఇక ఇక్కడే ఉండటం వల్ల లాభం. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది మనవాళ్లు చనిపోయారు. వాళ్ల కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట అయినా చదివింది విజయనగరం దగ్గరి మన కోరుకొండ సైనిక్ స్కూల్లోనే, అందుకని ఈ జిల్లాలో ఆ బాధ ఇంట్లో బాధలాగే ఉండింది. గంటస్తంభం దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన నన్ను పట్టుకుని, "ఏటి బాబూ, మనోళ్ల దగ్గర తుపాకులుండి కూడా కాల్చలేదేటి?" అని నిలదీశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చైనాతో 1996లో ఒప్పందం ఉందని, వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని అందులో రాసుకున్నామని, అందుకే తోపులాటల్లో ఆయుధాలు వాడకపోవడం ఆనవాయితీ అయిందని చెప్పాను. ఆయన చాలాసేపు ప్రశ్నలడిగాడు. ఆ ప్రశ్నలనే వరసగా పెట్టుకుని ఆ రాత్రే వ్యాసం రాశాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం మత్స్యకారులది. శ్రీకాకుళం తీరంలో పని చాలక మనవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్లలో కూలికి వేటచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కారు. కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. వేటకు వెళ్లొచ్చిన ఒకాయన వాళ్లింటి అరుగు మీద కూర్చుని నాకు చెప్పాడు: "రాత్రి వల నీళ్లలో ఉంటాది, నీటి లాగుడుకి బోటు దానెంటే పోతాది, అక్కడ గీత ఉందని ఎవుడికి కనపడతాది?" ఆయన మాట అక్షరాలా నిజం. గుజరాత్‌కీ పాకిస్తాన్‌లోని సింధ్‌కీ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ మీద వివాదం తేలకపోవడంతో అక్కడ రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఇంతవరకూ ఖరారు కాలేదు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న తమ దగ్గరున్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ తేదీలు దగ్గరపడినప్పుడు రాసిన వ్యాసానికి చదివేవాళ్లుంటారు, ఎడిటర్లూ తీసుకుంటారు. సర్ క్రీక్ మీద ఢిల్లీలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. శ్రీకాకుళం తీరంలోని మత్స్యలేశం ఊళ్లో అరుగుల మీద కూర్చునేది మాత్రం మనమే కదా!

టీవీ గురించి కూడా అడిగారు. వెళ్లొచ్చు, కానీ జాగ్రత్త. ఒకసారి ఉద్రిక్తతలున్న సమయంలో ఒక ఛానల్ నుంచి ఫోన్ చేసి, మన బలగాలు ఎటునుంచి కదలొచ్చో మ్యాప్ మీద చూపించమన్నారు. కుదరదన్నాను. మళ్లీ పిలవలేదు, నాకు బాధా లేదు. సరిహద్దులో కాపలా కాస్తున్న జవాన్ల తల్లులు ఆ కార్యక్రమాలు చూస్తుంటారు. రక్షణ ఆపరేషన్లను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఛానళ్లకు సూచనలిచ్చింది కూడా.

చట్టం విషయంలో మావయ్యగారికి టెన్షన్ అక్కర్లేదు గానీ, హద్దులు తెలియాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకూ వర్తిస్తుంది. 2021లో కేంద్రం సివిల్ పెన్షన్ నిబంధనలు సవరించి, ఐబీ, రా వంటి నిఘా, భద్రతా సంస్థల్లో చేసినవాళ్లు ఆ సంస్థల విషయాలు ప్రచురించాలంటే ముందే అనుమతి తీసుకోవాలంది. సైన్యం ఆ జాబితాలో లేదు, అస్సాం రైఫిల్స్ ఉంది. మావయ్యగారు అలాంటి చోట డెప్యుటేషన్ చేసి ఉంటే, ఆ రోజుల గురించి రాసే ముందు కనుక్కోమనండి. నేనైతే ఎక్కడ పనిచేసినా సరే, బహిరంగ పత్రాల్లో లేని ఏ వివరమూ రాయను.

పత్రికలకు పంపేటప్పుడు ఒకే విషయం మీద ఏడెనిమిది వందల మాటలు చాలు. కత్తిరిస్తారు, నొచ్చుకోకూడదు. బ్రిగేడ్‌కీ బెటాలియన్‌కీ తేడా చదివేవాళ్లకు తెలియదనుకునే రాయాలి. పారితోషికం మీద ఇల్లు నడవదు, పెన్షనే ఆధారం.

మొదటి వ్యాసం దేని మీద అంటే, అగ్నివీర్ల మీద రాయమనండి. 2022 జూన్‌లో ప్రకటించిన పథకం అది. నాలుగేళ్ల సర్వీసు, 25 శాతం వరకే కొనసాగింపు, మిగతావాళ్లకు సేవానిధి పేరుతో ఒకేసారి కొంత డబ్బు, పెన్షన్ లేదు. మొదటి బ్యాచ్ 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరింది కాబట్టి వాళ్ల నాలుగేళ్లు 2026 చివర్నుంచి నిండుతాయి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎంతమంది తిరిగొస్తారు, వాళ్లకు ఇక్కడ ఏ పని ఉంది? ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగమనండి.